యాభై ఎనిమిదేళ్లకు మొదలైన కొలువు

పోయిన నెల మా మనవడు ఒక పాత ఫొటో చూపించి, ఈ సన్యాసికి అణుశాస్త్రంతో ఏం పని తాతయ్యా అని అడిగాడు. ఆ ఫొటో స్వామి జ్ఞానానందది. వాడికి చెప్పిందే మీకూ మనవి చేస్తున్నాను.

1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన గుంటూరు కాలేజీల్లో చదివిన చాలామంది పట్టాలు ఆంధ్ర విశ్వవిద్యాలయానివే. ఆ విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర శాఖను నెలకొల్పినది ఈయనే.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. చిన్న వయసులోనే ఇల్లు విడిచి, హిమాలయాల్లో యోగసాధన చేశారు. ముప్పై దాటాక జర్మనీ వెళ్లారు. అక్కడ భౌతికశాస్త్రం మీద మనసు పడింది. డ్రెస్డెన్‌లో విద్యార్థిగా చేరి, ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధించి, 1936లో డాక్టరేటు పొందారు. తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర పనిచేశారు.

అక్కడ ఆయన పని బీటా కిరణాల మీద. అణుకేంద్రం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను అయస్కాంతంతో వంచి, వంపును బట్టి వాటి శక్తిని లెక్కగడతారు. దారిలో గాలి అడ్డొస్తే లెక్క తప్పుతుంది. అందుకే పరికరంలో గాలిని దాదాపు పూర్తిగా తీసేయాలి. ఆ శూన్యం సాధించే విద్య మీద ఇంగ్లీషులో ఆయన రాసిన గ్రంథం 1947లో అచ్చయింది.

ఆ ఏడే స్వదేశం వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. 1954లో, యాభై ఎనిమిదో ఏట, విశాఖ వచ్చి పరిశోధనశాలను ఏర్పరచి, శిష్యులను తయారుచేశారు. 1969లో కన్నుమూశారు. ఆ పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు.

ఇక్కడే నా మనసు చివుక్కుమంది. అదే వయసులో నేను సన్మానపు శాలువా కప్పించుకుని, ఫైళ్లు అప్పగించి, ఇక నేర్చుకునేదేముందని వరండాలో కూర్చున్నాను. రెండేళ్లు అలాగే గడిచాయి. మొదట వేసిన విత్తనం మొలవకపోతే మన పత్తి రైతు మళ్లీ విత్తుతాడు గాని, చేను వదిలి పోడు కదా.

ఇప్పుడు సాయంత్రాలు మనవడి భౌతికశాస్త్ర పుస్తకం ముందేసుకుంటున్నాను. సగం అర్థం కాదు. వాడే విసుక్కోకుండా చెబుతున్నాడు. మీ ఇళ్లలోనూ పిల్లల పుస్తకాలు ఉంటాయి. ఒక్కసారి తెరిచి చూడండని నా మనవి.