సంగీతాచార్య విలియం లీవై డాసన్ గారు

విద్యకు వర్ణ మడ్డమగునా, కళకు పుట్టుక హద్దగునా యను ప్రశ్నకు సమాధానముగ, అమెరికా దేశమున జీవించిన యొక సంగీతాచార్యుని చరిత్రమును మా సంచికయందు సంగ్రహముగ పొందుపఱచుచున్నాము.

విలియం లీవై డాసన్ గారు 1899వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన అలబామా రాష్ట్రములోని ఆనిస్టన్ పట్టణమున నల్లజాతి కుటుంబమున జన్మించిరి. ఆ జాతివారు బానిసత్వమునుండి విముక్తులై అప్పటికి నలువది యేండ్లయినను నిండలేదు. పదుమూడేండ్ల ప్రాయముననే సంగీతము నేర్వవలెనను పట్టుదలతో ఆయన ఇల్లు విడిచి, బుకర్ వాషింగ్టన్ గారి కృషిచే ప్రసిద్ధికెక్కిన టస్కిగీ విద్యాలయమును జేరిరి. జీతము చెల్లించుటకై పొలము పనులు చేసియు, సంగీతగ్రంథములను భద్రపఱచియు విద్యాభ్యాసము సాగించి, 1921లో పట్టము బొందిరి.

పిమ్మట క్యాన్సస్ సిటీలోని హార్నర్ సంగీతవిద్యాలయమున చదివి 1925లో ఉత్తీర్ణులైరి. పట్టప్రదానోత్సవమునాడు ఆయన రచించిన కృతినే సభలో వాయించిరి. సభవారు హర్షధ్వానములు గావించిరి. కాని కృతికర్తకు వేదికపై స్థానము లేదు! నల్లవారికి ప్రత్యేకింపబడిన మేడవరుసలో ఆయన మౌనముగ కూర్చుండవలసివచ్చెను. ఆయన పట్టమును వేఱొకరు అందుకొనిరి. ఈ యవమానమునకు డాసన్ గారు క్రుంగిపోలేదు. చికాగో నగరమునకేగి 1927లో ఉన్నతపట్టమును సంపాదించి, అచ్చటి సివిక్ వాద్యబృందమున ట్రాంబోన్ వాయించిరి.

1931లో తమకు విద్యాభిక్ష పెట్టిన టస్కిగీకే మరలివచ్చి, సంగీతశాఖకు అధ్యక్షులై, ఇంచుమించు ఇరువదియైదేండ్లు బృందగానమును నడపిరి. బానిసలు ప్రత్తిచేలలో కన్నీటితో అల్లుకొన్న భక్తిగీతములను నాటకశాలలయందు పరిహాసమునకై పాడుచుండిరి. చదువుకొన్న నల్లవారిలోను కొందఱు వానిని తలచి సిగ్గుపడుచుండిరి. డాసన్ గారు ఆ గీతములను పలుకంఠముల కనువుగ పొందిపఱచి, లయయందును ఉచ్చారణయందును విద్యార్థులను కఠినముగ తీర్చిదిద్దిరి. 1932 డిసెంబరున న్యూయార్కులో రేడియో సిటీ మ్యూజిక్ హాలు ప్రారంభమైనపుడు ఆ బృందము పాడెను. నేడు అనేకదేశముల గాయకబృందములు ఆయన కూర్పులను పాడుచున్నవి.

1934లో ఆయన రచించిన నీగ్రో ఫోక్ సింఫొనీని స్టొకోవ్‌స్కీ గారు ఫిలడెల్ఫియా వాద్యబృందముచే వినిపింపగా సభ్యులు ముగ్ధులైరి. అయినను అటుపై అనేకసంవత్సరములు దానిని వాయించినవారు అరుదు. 1952లో డాసన్ గారు పశ్చిమాఫ్రికాకేగి, పూర్వుల లయలను స్వయముగ విని, తమ కృతిని సంస్కరించిరి. 1960 దశకమున స్టొకోవ్‌స్కీ గారే దానిని గ్రామఫోను పళ్లెముల కెక్కించిరి. 1956లో అమెరికా ప్రభుత్వము గాయకబృందములకు శిక్షణ నొసగుటకై డాసన్ గారిని స్పెయిను దేశమునకు బంపెను. ఒకనాడు వేదిక నెక్కనీయబడని వానికి జరిగిన మర్యాద యిది.

1990వ సంవత్సరము మే 2వ తేదీన, తొంబదియవ యేట ఆయన పరమపదించిరి.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది రెండు విషయములు. పూర్వుల పాటను దాచుకొనుట గౌరవము గాదు, శ్రద్ధతో సంస్కరించి లోకమునకు వినిపించుట గౌరవము. మఱియు, జీతము కట్టలేని బాలునకు ఒక విద్యాలయము తలుపు తెఱచుటచేతనే ఇంత ఫలము కలిగినది. మన పోషకమహాశయులు ఈ రెండవ విషయమును ప్రత్యేకముగ మనమున నుంచుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.