కీసరగుట్ట లింగాలన్నింటిలో ఉన్నది ఒకటేనా? అన్నంభట్టు చెప్పిన జవాబు

ఈ వారం మన వీడియో కీసరగుట్ట మీద కదా. మేడ్చల్ నుంచైనా శామీర్‌పేట నుంచైనా ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే తేలిగ్గా వెళ్లిపోవచ్చు. గుడి చుట్టూ ఆరుబయట ఎన్ని శివలింగాలో! లింగం తెమ్మని రాముడు హనుమంతుణ్ణి కాశీకి పంపాడట. ఆయన 101 లింగాలు తెచ్చేసరికి ముహూర్తం దాటకూడదని శివుడే ఒక లింగం ఇస్తే రాముడు ప్రతిష్ఠించేశాడట. చిన్నబోయిన హనుమంతుడు విసిరేసిన లింగాలే ఇవి అని స్థలపురాణం.

ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఇంకోటి అరిగిపోయింది. అయినా అన్నింటినీ లింగం అనే అంటాం. వాటన్నింటిలో నిజంగా ఒకటే ఏదో ఉందా? లేక మనం పెట్టిన పేరు మాత్రమే ఒకటా? ఈ ప్రశ్న మీద మన దేశంలో వెయ్యేళ్లకు పైగా వాదం నడిచింది. మధ్యయుగాల యూరప్‌లోనూ ఇదే గొడవ. మన వాదంలో ఒక పక్షాన్ని చిన్నపిల్లలకు కూడా అందేలా చెప్పింది ఒక తెలుగువాడు. ఆయనే అన్నంభట్టు.

ఆయనది 17వ శతాబ్దం. తండ్రి తిరుమలాచార్యులు అద్వైత పండితుడు. అన్నంభట్టు చదువు కోసం కాశీ చేరి అక్కడ ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, కాశీ వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని సంస్కృతంలో ఒక సామెతే పుట్టింది. పాణిని సూత్రాలకు మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. మీమాంసలోనూ గ్రంథాలు రాశాడు. కానీ ఆయన్ని నిలబెట్టింది మాత్రం తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం. అప్పటికి తర్కశాస్త్రం కొరకరాని కొయ్య. పిల్లలు సుఖంగా నేర్చుకోవాలని దీన్ని రాస్తున్నానని మొదట్లోనే చెప్పాడు. తర్వాత దానికి దీపిక అనే వివరణ కూడా తనే రాశాడు. ఈరోజుకీ సంస్కృత పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టేది ఈ పుస్తకంతోనే.

అందులో ప్రపంచాన్ని ఏడు పదార్థాలుగా విడదీశాడు. వాటిలో నాలుగోది సామాన్యం. దీన్నే జాతి అని కూడా అంటారు. కులం అనే అర్థంలో కాదండోయ్! ఎన్ని కుండలున్నా అన్నింటిలో ఉండే కుండతనం ఒక్కటే. కుండ పగిలిపోవచ్చు, కుండతనం పగలదు. అది మన ఊహ కాదు, కుండను చూసే కంటికే అదీ కనబడుతుంది అంటారు న్యాయ పండితులు.

దీనికి గట్టిగా ఎదురు నిలిచింది బౌద్ధ పండితుడు దిఙ్నాగుడు. విచిత్రం ఏంటంటే ఆయనకీ తెలుగు నేలతో సంబంధం ఉంది. వేంగి దగ్గర ఒక కొండ మీద ఆయన గ్రంథం రాశాడని 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ రాసుకున్నాడు. దిఙ్నాగుడి లెక్కలో నిజంగా ఉన్నవి విడివిడి వస్తువులే. ఆవు అనే మాట ఆవు కానివాటిని పక్కకు తీసేస్తుంది, అంతే. ఆవుతనం అని వేరే ఏమీ లేదు.

సరే, ఎవరిది ఒప్పైతే మనకేంటి అంటారా? వంటింట్లో పొగ ఉన్నచోట నిప్పు చూశాం. రేపు కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఎలా చెప్పగలం? ఆ పొగ వేరు, ఈ పొగ వేరు కదా! రెండింటిలో ఉన్న పొగతనం ఒకటే కాబట్టి అంటుంది న్యాయం. బౌద్ధులూ అనుమాన ప్రమాణాన్ని కాదనలేదు, కానీ దానికి వేరే ఆధారం వెతుక్కోవాల్సి వచ్చింది. అంటే ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట ఎందుకు పనికొస్తుంది అన్నదే అసలు సమస్య.

అలాగని ప్రతి పేరు వెనకా ఒక జాతి ఉందని న్యాయం ఒప్పుకోదు. 10వ శతాబ్దపు ఉదయనాచార్యుడు ఇందుకు ఆరు అడ్డంకులు చెప్పాడు. ఉదాహరణకి, ఆకాశం ఒక్కటే కాబట్టి ఆకాశతనం అనే జాతి లేదు. వంటవాడు అనే పేరు కూడా అతని పనిని బట్టి వచ్చిందే. అలాంటిదాన్ని ఉపాధి అంటారు. మనం ఇప్పుడు ఉద్యోగాన్ని ఉపాధి అంటున్నాం, సరిగ్గా సరిపోయింది కదా!

ఇంకో మంచి సంగతి. అన్నంభట్టు ఆత్మను జ్ఞానానికి ఆశ్రయం అని నిర్వచించి, దాన్ని జీవాత్మ, పరమాత్మ అని రెండుగా చెప్పాడు. పరమాత్మ ఒక్కడే, జీవులు ఎందరో. అయినా ఇద్దరికీ చెప్పిన లక్షణం ఒక్కటే. దేవుడికీ మనకీ మధ్య ఉమ్మడిగా ఉన్నదేంటో అంత చిన్న మాటలో పెట్టేశాడాయన.

దేవుడు, ధర్మం, ఆత్మ ఇవన్నీ ఉత్త పేర్లే అని ఎవరైనా మీతో అంటే కోప్పడకండి, కంగారుగా తలూపేయకండి. కొన్ని పేర్లు నిజంగా పేర్లే. కొన్నింటి వెనక వస్తువుంది. ఏది ఏదో పరీక్షించి తేల్చుకోమనే అన్నంభట్టు పిల్లల చేతిలో ఆ చిన్న పుస్తకం పెట్టాడు.

ఓం నమః శివాయ.