పెనుగొండ నీడలో పెరిగిన సరస్వతీపుత్రుడు

రాజ్యములు కూలును, రాళ్లు మిగులును. 1565లో తళ్లికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులు హంపీని విడిచి పెనుగొండకు తరలిరి. ఆ చెదరిన వైభవమునకు ఆశ్రయమైన కొండ నీడలో, శిథిలముల నడుమ పెరిగినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు.

1914 మార్చి 28న అనంతపురము జిల్లా చియ్యేడులో వారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితులు. రాజగురువులుగా ప్రసిద్ధికెక్కిన తాతాచార్యుల వంశము వారిది. పూర్వులు చిత్రావతీ తీరమునందలి పుట్టపర్తిలో నివసించుటచే ఆ ఊరి పేరే ఇంటిపేరయ్యెను. పెనుగొండలో పిట్ దొరసాని ఆ బాలునకు ఆంగ్ల సాహిత్యమును బోధించెను.

మీసములైనను మొలవని వయసుననే వారు ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యమును రచించిరి. పిదప విద్వాన్ పరీక్షకు చదువునపుడు ఆ కావ్యమే వారికి పాఠ్యగ్రంథమైనది. దానినిగూర్చిన చిన్న ప్రశ్నకు పుటలకొలది సమాధానము వ్రాయుచుండగా కాలము ముగిసి, ఆ పరీక్ష తప్పిరని పెద్దలు చెప్పుదురు. మార్కులు వేరు, విద్య వేరు అనుటకు ఇంతకు మించిన నిదర్శనమేమి కావలయును?

బ్రతుకు తెరువునకై వారు బడిపంతులైరి. ప్రొద్దుటూరిలో ఉద్యోగము చేయుచు అగస్త్యేశ్వరాలయమున ‘శివతాండవము’ రచించిరి. తిరువనంతపురమున నిఘంటు నిర్మాణము, ఢిల్లీలో సాహిత్య అకాడమీ కొలువు వారిని సీమకు దూరము చేసినవి. విరక్తితో ఇల్లు విడిచి హిమాలయములకును పోయిరి. హృషీకేశమున స్వామి శివానందులు వారిని సరస్వతీపుత్రులని సత్కరించిరి. కాని తిరిగి తిరిగి వారు చేరినది కడపనే. కూర్చున్నది ఉన్నత పాఠశాలలోని ఉపాధ్యాయ పీఠముననే.

ప్రవాసము వారికి భాషలనిచ్చినది. పదునాలుగు భాషలు నేర్చిరని ప్రసిద్ధి. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళమున కనువదించిరి; తెలుగున ‘అభయప్రదానము’ అను నవలను వ్రాసిరి. 1972లో పద్మశ్రీ లభించెను. 1979లో ‘జనప్రియ రామాయణము’నకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. విశ్వవిద్యాలయములు గౌరవ డాక్టరేటులతో సత్కరించినవి. ఒకనాడు పరీక్ష తప్పిన విద్యార్థికి ఇది ఆలస్యముగా అందిన న్యాయము.

1990 సెప్టెంబరు 1న వారు పరమపదించిరి. వానలు మొగము చాటుచేయు సీమలో పంట ఏటేట నమ్మరానిది. అట్టి నేలపై ఒక బడిపంతులు పండించిన అక్షరసస్యము మాత్రము నేటికిని వాడలేదు. వెనుక బల్లపై కూర్చున్న ఏ బాలునిలో ఏ పెనుగొండ లక్ష్మి దాగియున్నదో, గుర్తింపవలసిన బాధ్యత గురువులదే.