సరోజిని వేషం కట్టినందుకు ఊరొదిలిన రోజీ

మలయాళ సినిమాకు తొలి కథానాయిక ఒక దళిత మహిళ. పేరు పి.కె. రోజీ. పులయ కులం. గడ్డి కోసి పొట్ట పోసుకున్న మనిషి. ఆమె నటించిన సినిమా ఒక్కటే. అది విడుదలయ్యాక ఆమె సొంత ఊళ్లో ఉండలేకపోయింది, సొంత పేరుతో బతకలేకపోయింది. సినిమా, టీవీ రంగాల్లో పనిచేసే ఆడవాళ్ల భద్రత గురించి ఇప్పుడు కమిటీలు వేస్తున్నారు, నివేదికలు రాస్తున్నారు. ఆ చర్చను మనం రోజీ దగ్గర నుంచే మొదలుపెట్టాలి. మలయాళ తెర మీదికి వచ్చిన మొట్టమొదటి స్త్రీనే ఆ రంగం నుంచి తరిమేశారు. తరిమింది కులం.

గడ్డి కోత, కక్కారిశి ఆట

రోజీ 1903 ఫిబ్రవరి 10న తిరువనంతపురంలోని నందన్‌కోడ్‌లో పుట్టిందని చెబుతారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రాజమ్మ. కుటుంబం క్రైస్తవంలోకి మారాక రోజమ్మ అయిందని కొందరు, సినిమా కోసం దర్శకుడే రోజీ అని పెట్టాడని కొందరు అంటారు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇల్లు గడవడానికి ఆ పిల్ల గడ్డి కోతకు వెళ్లింది.

ఆమె పెరిగిన తిరువితాంకూరు ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. పులయలు నడవకూడని దారులుండేవి. 1893లో అయ్యంకాళి ఎడ్లబండెక్కి ఆ దారుల్లో తిరిగి సవాలు చేశాడు. 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. పంచమి అనే పులయ బాలికను ఊరూట్టంబలం బడిలో చేర్చడానికి తీసుకెళ్తే సవర్ణులు ఆ బడినే తగలబెట్టారు. పులయ స్త్రీలు మెడలో రాతిపూసల దండలు మాత్రమే వేసుకోవాలన్నది అక్కడి కట్టడి. 1915లో కొల్లం దగ్గర పెరినాడులో వాళ్లు ఆ దండలు తెంపి పారేశారు. అప్పటికి రోజీకి పన్నెండేళ్లు. దళిత స్త్రీ ఏం కట్టుకోవాలో, ఏం పెట్టుకోవాలో ఊరు శాసించే చోట ఆమె పెరిగింది. ఆమె తర్వాత చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే ఈ సంగతి మనసులో ఉండాలి.

గడ్డి కోస్తూనే ఆమె ఆట నేర్చుకుంది. కక్కారిశి నాటకం అనే జానపద రూపం అది. శివపార్వతులు సంచార జాతి మనుషుల వేషంలో భూమ్మీదికి వస్తారు. తమిళం, మలయాళం కలిసిన మాటలు, పాటలు, హాస్యం. అందులో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో రోజీ ఆ ఆటలో ఆరితేరింది. నాటకాలాడే ఆడదాన్ని లోకం చులకనగా చూసేది. అయినా ఆమె మానలేదు. సినిమా ఆమెను కళాకారిణిని చేయలేదు. సినిమా వచ్చేనాటికే ఆమె కళాకారిణి.

రోజుకు ఐదు రూపాయలు

జె.సి. డేనియల్ నాడార్ క్రైస్తవుడు. సినిమా మోజుతో ఆస్తి అమ్మి తిరువనంతపురంలో ట్రావన్‌కోర్ నేషనల్ పిక్చర్స్ అనే స్టూడియో పెట్టాడు. 'విగతకుమారన్' అనే మూకీ సినిమాకు కథ, కెమెరా, దర్శకత్వం, నిర్మాణం అన్నీ తనే. హీరో కూడా తనే. పురాణాల కాలంలో ఆయన సాంఘిక కథ ఎంచుకున్నాడు. డబ్బున్న ఇంటి పిల్లవాణ్ణి దుండగుడు సిలోనుకు ఎత్తుకుపోవడం, అతను అక్కడ తేయాకు తోటల్లో పెరగడం కథలో ముఖ్య భాగం.

నాయిక దొరకడమే కష్టమైంది. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషం సాలుంకే అనే మగ నటుడు కట్టాడు. తర్వాత పదిహేనేళ్లు గడిచినా పరువున్న ఇంటి ఆడవాళ్లు సినిమాలో వేయరనే మాట పోలేదు. డేనియల్ బొంబాయి నుంచి పిలిపించిన నటితో పని కుదరలేదు. అప్పుడు కక్కారిశి ఆడే రోజీ దగ్గరికి వెళ్లారు.

ఆమెకు ఇచ్చిన పాత్ర పేరు సరోజిని, నాయర్ ఇంటి అమ్మాయి. పది రోజుల షూటింగ్, రోజుకు ఐదు రూపాయల కూలి అని ఆమె గురించి రాసినవాళ్లు చెబుతారు. ఇంటి నుంచి అన్నం మూట తెచ్చుకుని పగలంతా పనిచేసి, సాయంత్రం నాటకానికి వెళ్లిపోయేదట. ఆ పది రోజులు రోజీ నాయర్ స్త్రీలా బట్టకట్టింది, నగలు పెట్టుకుంది, జడలో పూలు తురుముకుంది. రాతిపూసల దండలు తెంపిన తరం ఆడపిల్ల కెమెరా ముందు చేసిన పని ఇది.

కాపిటల్ థియేటర్‌లో

సినిమా తిరువనంతపురంలోని కాపిటల్ థియేటర్‌లో విడుదలైంది. తేదీ మీద రెండు మాటలున్నాయి. చాలాకాలం 1928 నవంబర్ 7 అని రాశారు. 1930 అక్టోబర్ 23 అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఆట ప్రారంభించడానికి మళ్లూర్ గోవిందపిళ్ళై అనే పేరున్న లాయరును పిలిచారు. పులయ స్త్రీ పక్కన కూర్చోవడానికి పెద్దమనుషులు ఒప్పుకోరు కాబట్టి రోజీని ఆ ఆటకు రానివ్వలేదు. తను నటించిన సినిమా తొలి ఆటకు తనే వెలి.

ఆమె హాల్లో లేకపోయినా గొడవ ఆగలేదు. తెర మీద ఒక పులయ స్త్రీ నాయర్ స్త్రీగా కనిపించడమే సవర్ణ ప్రేక్షకులు భరించలేకపోయారు. నాయకుడు ఆమె జడలోని పువ్వును ముద్దు పెట్టుకునే దృశ్యం రాగానే రాళ్లు పడ్డాయని, తెర చిరిగిపోయిందని ఆనాటి కథనం. తర్వాత ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు.

వాళ్ల కోపం సినిమా మీద కాదని మనం గమనించాలి. ఆ తర్వాతా సవర్ణులు సినిమాలు తీశారు, చూశారు, నటించారు. సవర్ణ స్త్రీ రూపాన్ని దళిత స్త్రీ ధరించిందని వాళ్ల కోపం. వేషం కడితే చాలు, ఆ రూపం ఎవరికైనా అబ్బుతుందని రోజీ నిరూపించింది. పుట్టుకతో వచ్చిందని చెప్పుకునే గొప్పతనం బట్టలోనూ నగలోనూ ఉందని తేలిపోతే కులానికి ఇంకేం మిగులుతుంది?

మన తెలుగు తెర సంగతి కూడా ఇక్కడ ఒకటి చెప్పుకోవాలి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. మాల యువతిని బ్రాహ్మణ యువకుడు ప్రేమించే కథ. సినిమా బాగా ఆడింది. దళిత పాత్రను చూసి కంటతడి పెట్టే ప్రేక్షకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. దళిత నటిని సవర్ణ పాత్రలో చూసి ఒప్పుకునేవాళ్లు ఎంతమంది అన్నది వేరే ప్రశ్న. రోజీ జీవితం అడిగేది ఆ రెండో ప్రశ్న.

రాజమ్మాళ్

రోజీ తమిళనాడు వైపు వెళ్లే లారీ ఎక్కి తప్పించుకుంది. ఆ లారీ డ్రైవర్ కేశవపిళ్ళై నాయర్. ఇద్దరూ పెళ్లి చేసుకుని నాగర్‌కోవిల్‌లో కాపురం పెట్టారు. ఆమె రాజమ్మాళ్ అయింది. మళ్లీ ఎప్పుడూ నటించలేదు. పిల్లలు తండ్రి కులంలో పెరిగారు. తల్లి ఒకప్పుడు తెర మీద నాయిక అన్న సంగతి ఆ ఇంట్లో మాట్లాడుకునే విషయం కాలేదు. 1988లో ఆమె చనిపోయింది.

తెర మీద నాయర్ వేషం కట్టినందుకు ప్రాణం మీదికి వచ్చింది. బతకడానికి మిగిలిన దారి, జీవితమంతా నాయర్ ఇంటి ఇల్లాలిగా ఉండిపోవడం. అది మోసం అనేవాళ్లు ఆమెకు ఇంకే దారి వదిలారో చెప్పాలి. కులం దాచుకుని హాస్టళ్లలో, అద్దె ఇళ్లలో, ఆఫీసుల్లో బతుకుతున్న మన పిల్లలకు రాజమ్మాళ్ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎవరు గుర్తుపెట్టుకున్నారు

డేనియల్ కూడా నష్టపోయాడు. మరో కథాచిత్రం తీయలేకపోయాడు. 1975లో పేదరికంలోనే పోయాడు. చేలంగాట్ గోపాలకృష్ణన్ అనే జర్నలిస్టు పట్టుబట్టి రాయడం వల్ల ఆయనకు మలయాళ సినిమా పితామహుడన్న గుర్తింపు వచ్చింది. 1992 నుంచి కేరళ ప్రభుత్వం ఆయన పేరు మీద అవార్డు ఇస్తోంది. అప్పటికి రోజీ పోయి నాలుగేళ్లు. ఆమె బతికున్న అన్నేళ్లలో ప్రభుత్వం గానీ పరిశ్రమ గానీ ఆమెకు ఏ గౌరవమూ ఇవ్వలేదు. సినిమా ప్రతి ఒక్కటీ మిగల్లేదు. ఆమెదని చెప్పే ఫొటో మీద కూడా ఏకాభిప్రాయం లేదు.

ఆమె ఆనవాళ్లు వెతికి రాసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది కున్నుకుళి ఎస్. మణిని. తర్వాత విను అబ్రహాం 'నష్టనాయిక' నవల రాశాడు. దాని ఆధారంగా కూడా కమల్ 2013లో 'సెల్యులాయిడ్' తీశాడు. ఆ సినిమాతో రోజీ పేరు అందరికీ తెలిసింది. అయితే అందులో ఆమెను బెదురుచూపుల అమాయకురాలిగా, డేనియల్ దయతో వెలుగు చూసిన మనిషిగా చూపారని దళిత బహుజన స్త్రీవాదులు విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. తన ఆట తాను నేర్చుకుని, లోకం మాటను లెక్కచేయకుండా ఆడిన స్త్రీని జాలి పాత్రగా మార్చడం ఆమెను రెండోసారి చెరపడమే.

2019లో మలయాళ సినిమా మహిళల సంఘం విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ తన ఫిల్మ్ సొసైటీకి పి.కె. రోజీ పేరు పెట్టింది. తమిళనాడులో పా. రంజిత్ నీలం కల్చరల్ సెంటర్ ఆమె పేరుతో చలనచిత్రోత్సవం జరుపుతోంది. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ ఆమెను డూడుల్‌గా పెట్టింది.

ఇవాళ్టి లెక్క

2017లో కేరళ ప్రభుత్వం వేసిన హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో, అదీ కొన్ని భాగాలు తీసేసి, బయటికి వచ్చింది. లైంగిక వేధింపులతో పాటు సెట్లలో మరుగుదొడ్లు లేకపోవడం, బట్టలు మార్చుకునే చోటు లేకపోవడం, జూనియర్ ఆర్టిస్టుల దోపిడీ అందులో ఉన్నాయి. తెలంగాణలో వేసిన ఉపసంఘం నివేదికనూ బయటపెట్టాలని అదే నెలలో తెలుగు సినిమా మహిళలు అడిగారు. ఇవన్నీ అవసరమే. కానీ జూనియర్ ఆర్టిస్టుగా, హెల్పర్‌గా రోజు కూలికి వచ్చే ఆడవాళ్లు ఏ కులాల నుంచి వస్తున్నారో, నాయిక కుర్చీ దాకా ఎవరిని రానిస్తున్నారో లెక్క తీయకుండా న్యాయం సగమే అవుతుంది.

2025 ఆగస్టులో తిరువనంతపురంలో సినిమా విధానం మీద సదస్సు జరిగింది. స్త్రీలకూ దళిత ఆదివాసీ దర్శకులకూ కేరళ ప్రభుత్వం ఇస్తున్న కోటిన్నర సాయం ఎక్కువని, వాళ్లకు ముందు శిక్షణ ఇవ్వాలని పేరున్న ఒక సీనియర్ దర్శకుడు అన్నాడు. సభలో ఉన్న ఒక గాయని లేచి అక్కడికక్కడే అభ్యంతరం చెప్పింది. రోజీ సినిమా మీద రాళ్లు వేసిన ఊరే అది. ఇప్పుడు రాళ్లు పడవు, అర్హత ఉందా అని అడుగుతారు. కక్కారిశి ఆటలో ఆరితేరి, ఏ శిక్షణ సంస్థా లేని కాలంలో కెమెరా ముందు నిలబడిన రోజీ అర్హతను అప్పుడు ఎవరూ అడగలేదు. ఆమె కులమే అడిగారు. ఇప్పుడు అర్హత పేరుతో అడుగుతున్నదీ అదేనని మనం చెప్పగలగాలి. లేచి నిలదీసిన ఆ గాయని పక్కన మనమూ నిలబడాలి.