శ్రీరంగమునుండి తిరుపతికి

కావేరీ కొల్లడముల నడుమ వెలసిన ద్వీపక్షేత్రము శ్రీరంగము. అచ్చటి ఆచార్యపీఠము నలంకరించిన పిదపకూడ రామానుజులు విద్యార్థియై తిరుపతికి వచ్చిరి.

ఆయన 1017లో శ్రీపెరుంబుదూరున జన్మించిరని సంప్రదాయము. మేనమామ తిరుమలనంబి, కొండపై స్వామికి నిత్యము తీర్థము మోసి తెచ్చు భక్తుడు. అతనికడ రామానుజులు ఒక సంవత్సరము రామాయణార్థములు అభ్యసించిరి. శేషాద్రిపై పాదము మోపుటకు వెరచి మోకాళ్లతో నెక్కిరని ప్రతీతి. మోకాళ్ల పర్వతమను పేరు నేటికిని నిలిచియున్నది.

చిదంబరమున పూజ లుడిగిన గోవిందరాజస్వామిని వారు తిరుపతిలో ప్రతిష్ఠించిరని చెప్పుదురు. ఆ కోవెల చుట్టును వీధు లేర్పడి ఊరు పెరిగెను.

చోళరాజు ఆగ్రహమువలన శ్రీరంగమును వీడి, మేలుకోటలో పెక్కేండ్లు గడపి, తుదకు మరల ఆ ద్వీపమునకే చేరి, 1137లో పరమపదించిరని సంప్రదాయ గణన. జగదాచార్యుడని లోకము కొనియాడిన ఆయనకు తిరుపతి గురుకులమైనది.