పలక పట్టని కనకమ్మ, ఆమె నిలబెట్టిన బడి

సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. అంతకుముందు తరతరాలుగా అది నెల్లూరు సీమ. కలెక్టరు కచేరీ మారినంత మాత్రాన చరిత్ర మారదు. పులికాటు తీరపు పల్లెల ఆడపిల్లల చదువుకు ముందు నడిచిన కథ పెన్నా గట్టు మీదే దొరుకుతుంది. ఆ కథకు నడుమ ఉన్న వ్యక్తి పొణకా కనకమ్మ. ఆమెను మనం స్వాతంత్ర్య సమరయోధురాలిగా గుర్తు పెట్టుకున్నాం. ఆగస్టు పదిహేనుకు ఒక పేరాలో తలచుకుని పక్కన పెడతాం. ఆడపిల్లల బడిని నిలబెట్టిన మనిషిగా ఆమెను చదవడం తక్కువ. కులం కోణం నుంచి చదవడం మరీ తక్కువ. ఈ వ్యాసం ఆ రెండు పనులకూ ప్రయత్నిస్తుంది.

కనకమ్మ 1892 జూన్ 10న మినగల్లు గ్రామంలో జన్మించింది. తండ్రి మరుపూరు కొండారెడ్డి, తల్లి కామమ్మ. భూమి, పలుకుబడి రెండూ ఉన్న రెడ్ల కుటుంబం. ఇంట్లో ధాన్యానికి కొదువ లేదు గాని ఆడపిల్లకు పలక కొనివ్వాలన్న ఆలోచన ఆ కాలపు పెద్దిళ్లలో లేదు. పదేళ్లయినా నిండకుండానే పొట్లపూడికి చెందిన పొణకా సుబ్బరామిరెడ్డితో పెళ్లయింది. బడి మెట్టు ఎక్కకుండానే ఆమె బాల్యం ముగిసింది. తెలుగు, సంస్కృతం, హిందీ అన్నీ అత్తవారింట సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నవే. తర్వాతి కాలంలో ఆమె కవిత్వం రాసింది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మతో కలిసి జంటగా కూడా రచనలు చేసింది. ఒక రెడ్డి స్త్రీ, ఒక బ్రాహ్మణ స్త్రీ కలిసి కూర్చుని రాయడం ఆనాటికి చిన్న సంగతి కాదు. అయితే ఆ స్నేహం అగ్రవర్ణాల ఎల్లలు దాటినది కాదన్న సంగతినీ మరువరాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పై కులాల ఇళ్లలో స్త్రీకి చదువు లేకపోవడమూ, మాలమాదిగ వాడల్లో స్త్రీకి చదువు లేకపోవడమూ ఒకటి కావు. మొదటిదాన్ని పరువు ఆపింది. రెండోదాన్ని కూలి, ఆకలి, అంటరానితనం కలిసి ఆపాయి. కనకమ్మకు పుస్తకం అందకపోయినా పుస్తకం కొనే శక్తి ఆమె ఇంటికి ఉంది. ఆమె పొలంలో నాట్లు వేసిన స్త్రీకి ఆ రెండూ లేవు. ఈ తేడాను పక్కన పెట్టి స్త్రీలంతా ఒకటేనని రాసుకున్న చరిత్రలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

వందేమాతరం ఉద్యమపు గాలి నెల్లూరు పల్లెలకు తగిలిన రోజుల్లో పొట్లపూడిలో కనకమ్మ చుట్టూ చిన్న బృందం ఏర్పడింది. 1913లో అక్కడ వివేకానంద గ్రంథాలయం వెలసింది. చదువుకోని ఊళ్లో గ్రంథాలయం పెట్టడం నేటి వారికి వింతగా కనిపించవచ్చు. చదవగలిగిన ఒకరు పదిమందికి వినిపించడమే ఆనాటి పద్ధతి. తొలుత విప్లవ మార్గం వైపు మొగ్గిన కనకమ్మ క్రమంగా గాంధేయ మార్గంలోకి వచ్చింది. అంటరానివారిగా ముద్రపడిన వారి వాడల్లోకి వెళ్లి పని చేయడమూ ఆ రోజుల్లోనే మొదలైంది. రెడ్ల కోడలు గడప దాటడమే తప్పయిన చోట వాడలోకి వెళ్లడం ఎంత పెద్ద తప్పో ఊహించుకోవచ్చు. గాంధీ తర్వాత ప్రచారంలోకి తెచ్చిన హరిజన పదాన్ని దళితులు తిరస్కరించారు. ఆ తిరస్కారం న్యాయమైనదే. అయినా ఆ పని చేసినవారు తమ ఇళ్లలోనూ తమ కులంలోనూ ఎదుర్కొన్న వెలి వాస్తవం కాకుండా పోదు.

పెన్నా ఒడ్డున పల్లిపాడులో ఆశ్రమానికి కనకమ్మ 13 ఎకరాల భూమి సమకూర్చింది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాని నిర్వాహకులు. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించాడు. రాట్నం, ఖద్దరు, అస్పృశ్యతా నివారణ ఆశ్రమపు పనులు. ఆ 13 ఎకరాలను దాతృత్వంగా చరిత్ర రాసింది, అది దాతృత్వమే. కాని పెన్నా డెల్టాలో భూమి ఎవరి చేతుల్లో ఉంది, ఎవరి చేతులతో పండింది అన్న ప్రశ్న దానం దగ్గర ఆగిపోకూడదు.

ఆశ్రమం తర్వాత రెండేళ్లకు, 1923లో, నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం మొదలైంది. నా దృష్టిలో కనకమ్మ జీవితంలో అన్నిటికంటె పెద్ద పని ఇదే. జైలు జీవితం కంటె కూడా పెద్దది. అప్పటి మద్రాసు రాజధానిలో అక్షరం వచ్చిన స్త్రీలు నూటికి ముగ్గురికి మించి లేరు. బడులు లేకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు. ఉన్న బడిలో పంతులు మగవాడు. ఏడెనిమిదేళ్ల వరకు పిల్లను పంపిన ఇల్లు కూడా పదో ఏడు రాగానే మానిపించేది. పిల్ల పెద్దమనిషి అయితే చదువు కథ అక్కడితో సరి. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం అమలులోకి వచ్చింది 1930 ఏప్రిల్‌లో. ఆ చట్టంలోనూ ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగే. అటువంటి కాలంలో ఆడపిల్లను మరో నాలుగేళ్లు బడిలో నిలపగలిగేది ఎవరు? చట్టం కాదు, భవనం కాదు. తల్లి నమ్మగలిగిన మరో స్త్రీ. పంతులమ్మ ఉంటే పెద్దమనిషి అయిన పిల్లను బడికి పంపడానికి ఇంట్లో వాదించేందుకు తల్లికి ఒక ఆధారం దొరికేది.

ఈ సంగతిని ఆనాటి సంస్కర్తలందరూ ఒకే విధంగా గ్రహించలేదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల తెరిచాడు. తెరవడం ఒక ఎత్తు, పాఠం చెప్పే స్త్రీలను తయారు చేయడం మరో ఎత్తు. ఉన్నవ లక్ష్మీబాయమ్మ 1922లో గుంటూరులో శారదా నికేతనం స్థాపించింది. ఇంకా చిన్న వయసులోనే దుర్గాబాయి కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపింది. నెల్లూరులో కనకమ్మది మూడో ప్రయత్నం. ఒకే పది సంవత్సరాలలో, తెలుగు నేల మీద మూడు చోట్ల, స్త్రీలే పూనుకుని స్త్రీల కోసం బడులు నిలబెట్టారు. ఆ బడుల్లో పిల్ల నేర్చుకున్నది అక్షరాలు మాత్రమే కాదు. ఒక ఆడమనిషి జీతం తీసుకోవడం, వీధిలో ఒంటరిగా నడిచి రావడం, నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడడం ఆ పిల్ల కళ్లారా చూసింది. వితంతువుగా ఇంటి మూల కూర్చోవలసిన స్త్రీ బల్ల ముందు నిలబడి లెక్క చెప్పడం చూసిన పిల్లకు వైధవ్యమంటే ఉన్న భయంలో కొంత తగ్గి ఉంటుంది. పాఠ్యపుస్తకంలో లేని పాఠం అది.

అయితే ఈ పేజీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది, అడగవలసిందే. నెల్లూరు సీమలో ఆడపిల్లలకు మొట్టమొదట బడి పెట్టింది జాతీయోద్యమమా? కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ 1849లోనే నెల్లూరు చేరాడు. మిషను స్త్రీలు బాలికలను చేరదీసి చదువు చెప్పారు. క్రైస్తవంలోకి వచ్చిన మాల మాదిగ కుటుంబాల నుంచి బైబిల్ స్త్రీలు, పంతులమ్మలు తయారయ్యారు. 1876-78 కరువు తర్వాత ఒంగోలు చుట్టుపక్కల వేలాది మాదిగలు ఆ మతం తీసుకున్నప్పుడు బడి కూడా పల్లెల్లోకి వెళ్లింది. కనుక వాడలో అక్షరం పలికిన తొలి ఉపాధ్యాయినులు కస్తూరిదేవి విద్యాలయానికి పూర్వులే. వారి పేర్లు మిషను నివేదికల్లో ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లోకి మాత్రం రాలేదు. కనకమ్మ కీర్తిని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎవరి పేరు నిలుస్తుంది, ఎవరి పేరు జారిపోతుంది అన్నది కులం నిర్ణయిస్తుందని గుర్తించడానికి చెబుతున్నాను.

ఇంకా వెనక్కు వెళితే పూణెలో సావిత్రీబాయి ఫూలే కనిపిస్తుంది. 1831లో మాలీ కులంలో పుట్టి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1848లో భిడే వాడాలో బాలికలకు పాఠం చెప్పడం మొదలుపెట్టిన స్త్రీ ఆమె. ఆమె దారిన వెళుతుంటే పేడ, రాళ్లు విసిరారన్న సంగతి అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది ఆమె బడి ఫలితం. ఆ దంపతుల పాఠశాలలో చదువుకున్న మాంగ్ కులపు బాలిక ముక్తాబాయి పద్నాలుగేళ్ల వయసులో, 1855లో, జ్ఞానోదయ పత్రికలో వ్యాసం ప్రచురించింది. మాంగులు, మహార్లు పడుతున్న బాధలను వివరించి, తమను వేదానికి దూరంగా ఉంచినవారిని తమ మతమేమిటో చెప్పమని నిలదీసింది. ఉపాధ్యాయిని ఇచ్చిన బలాన్ని కొలవడానికి ఇంతకంటె మంచి కొలమానం నాకు తెలియదు. పిల్ల పరీక్ష నెగ్గిందా అన్నది చిన్న ప్రశ్న, తన కులం పడుతున్న అవమానానికి తానే పేరు పెట్టగలిగిందా అన్నది పెద్ద ప్రశ్న. ఆ కొలమానంతో చూస్తే పూణె బడికీ నెల్లూరు బడికీ తేడా ఉంది. ఫూలే దంపతుల బడి కులాన్ని ఎదిరించడానికి పుట్టింది. కస్తూరిదేవి విద్యాలయం దేశాన్ని నిర్మించడానికి పుట్టి, దారిలో కులాన్ని కొంత కదిపింది.

1929లో గాంధీ ఆంధ్ర పర్యటనలో నెల్లూరు వచ్చి విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశాడు. మరుసటి ఏడు ఉప్పు సత్యాగ్రహంలో కనకమ్మ జైలుకు వెళ్లింది. 1932లో మళ్లీ వెళ్లింది. వెల్లూరు స్త్రీల జైలు ఆ తరం తెలుగు స్త్రీలకు మరో పాఠశాల వంటిది. ఆమె వెన్నుదన్నుతో నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన జమీన్ రైతు పత్రిక వెంకటగిరి జమీందారీ అన్యాయాలపై పోరాడింది. జమీందారు మీద రైతు పక్షం వహించడం సాహసమే. కాని రైతు అంటే ఎక్కువగా భూమి సాగు హక్కు గల మధ్య, పై కులాలవారే. రైతు కింద పాలేరుగా ఉన్నవాడి పక్షం వహించే పత్రిక వేరే రావలసి ఉండింది.

ఆ పాలేరు కంటె కూడా కింద నిలబెట్టబడినవారు యానాదులు. సూళ్లూరుపేట మాట తీసుకొచ్చింది అందుకే. పులికాటు ఒడ్డున, శ్రీహరికోట అడవుల్లో వారిది చేపల వేట, అడవి సరుకు సేకరణ. వలస ప్రభుత్వం ఆ జాతిపై నేరస్థుల ముద్ర వేసింది. వెన్నెలకంటి రాఘవయ్య యానాది సంఘం ద్వారా ఆ ముద్రకు వ్యతిరేకంగా పనిచేశాడు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవి నుంచి కదిలినవారిలో వారూ ఉన్నారు. 1971 అక్టోబరులో ఆ దీవి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆకాశానికి బాట వేసిన ఊరి పక్కన యానాది పిల్ల అయిదో తరగతి దాటడం ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ వార్తే. తల్లిదండ్రులు ఇటుక బట్టీకో, రొయ్యల గుంట కాపలాకో తరలినప్పుడు తమ్ముడిని ఎత్తుకుని వెళ్లేది ఆ పిల్లే.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలలో ఉండవలసిన ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఒకరు స్త్రీ కావాలని చెప్పింది. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వెనుకబడిన మండలాల్లో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, మైనారిటీల బాలికలకు నూటికి డెబ్బై అయిదు సీట్లు కేటాయించాయి. 1923లో నెల్లూరు బడికి పెట్టిన పేరే, ఎనభై ఏళ్ల తర్వాత, దేశమంతటి వసతి బడులకూ వచ్చింది. కాని ఆ వసతి బడుల్లో రాత్రింబవళ్లు పిల్లల వెంట ఉండే ఉపాధ్యాయినుల్లో అత్యధికులు ఒప్పంద ఉద్యోగులు. వచ్చే ఏడు తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని స్త్రీ, పిల్లకు ధైర్యం నేర్పవలసి వస్తోంది. పిల్ల తన వాడ నుంచే వచ్చిన పంతులమ్మను చూడగలగడం మరో మెట్టు. ఆ మెట్టుకు దారి రిజర్వేషన్ పోస్టుల భర్తీ, శిక్షణ కళాశాల ఫీజు, సకాలంలో వచ్చే ఉపకార వేతనం. ఇవి కార్యాలయాల్లో కదలవలసిన కాగితాలు. పుట్టిన రోజున వేసే దండలు వాటిని కదపలేవు.

కనకమ్మ చివరి దశ వెలుగుతో నిండినది కాదు. కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే మరణించింది. ఆ దుఃఖంలో ఆమె తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిని ఆశ్రయించింది. ఉద్యమానికీ సంస్థలకూ పెట్టిన ఆస్తి కరిగిపోయింది. రాజకీయాల్లో పదవులు పంచుకున్న తరంలో ఆమెకు దక్కినది తక్కువ. పై కులపు సంపన్న స్త్రీ కూడా ఆస్తి, అండ పోయాక పురుషుల రాజకీయంలో ఎంత త్వరగా పక్కకు జరిపివేయబడుతుందో ఆమె జీవితం చూపుతుంది. బడి మాత్రం నిలిచింది.

1963 సెప్టెంబరు 15న ఆమె కన్నుమూసింది. తన జీవితాన్ని తానే రాసి పెట్టుకుంది. కనకపుష్యరాగం అన్న పేరుతో ఆ పుస్తకం అచ్చులోకి వచ్చింది 2011లో, ఆమె పోయిన నలభై ఎనిమిదేళ్లకు. అప్పటికి ఆమె పెట్టిన బడిలో చదువుకున్న పిల్లల మనవరాళ్లు కూడా బడి ముగించి వెళ్లిపోయి ఉంటారు.