స్టూడియో పూర్ణిమ నుంచి సిటీ లైఫ్ దాకా

జనవరి 12 అనగానే మన కాలేజీల్లో వివేకానంద జయంతి గుర్తొస్తుంది. యువజన దినోత్సవం అని బ్యానర్ కడతారు, రెండు స్పీచ్‌లు, నాలుగు ఫొటోలు, అయిపోతుంది. జగిత్యాలలో మాత్రం ఆ తేదీకి ఇంకో లెక్క ఉంది. అలిశెట్టి ప్రభాకర్ పుట్టింది జనవరి 12న. చనిపోయింది కూడా జనవరి 12నే, 1993లో, నలభై ఏళ్లు కూడా నిండకుండా. జయంతి, వర్ధంతి రెండూ ఒకే రోజు. మొదటిసారి చదివినవాళ్లు ఇది అచ్చుతప్పేమో అనుకుంటారు. కాదు, నిజంగానే అంతే.

జీవితంలో ఇలాంటి చిన్న చిన్న వింతల్ని, తేడాల్ని పట్టుకుని నాలుగైదు లైన్లలో పెట్టడమే ఆయన పని. అలాంటి మనిషికి ఈ తేదీ దొరకడం ఏమిటో!

అప్పట్లో జగిత్యాల కరీంనగర్ జిల్లాలో భాగం. పెద్ద కుటుంబం, చాలామంది అక్కచెల్లెళ్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ప్రభాకర్ ఇంటర్మీడియెట్ కోసం ఆదిలాబాద్ వెళ్లి చేరాడు గానీ పూర్తి చేయలేదు, మధ్యలోనే వదిలేశాడు. ఇంటర్ మానేసిన పిల్లాడి గురించి మన ఇళ్లల్లో ఏం మాట్లాడుకుంటారో చెప్పక్కర్లేదు. కానీ ఆయన చేతిలో బొమ్మ ఉంది. సినిమా తారల బొమ్మలు, పండుగల బొమ్మలు, చెట్లూ గుట్టలూ వేసి పత్రికలకు పంపేవాడు. అవి అచ్చయ్యేవి. అంటే మనం కవిగా చెప్పుకునే మనిషి ముందు చిత్రకారుడు. కవిత్వం తర్వాత వచ్చింది, జగిత్యాలలోని సాహితీ మిత్ర దీప్తి అనే సంస్థ స్నేహాల వల్ల. 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో మొదటి కవిత పడింది. పేరు 'పరిష్కారం'.

బొమ్మలతో, కవితలతో ఇల్లు గడవదు కదా. అందుకని కెమెరా పట్టుకున్నాడు. 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ పెట్టాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఫోన్‌లో ఒకే పోజుకి పదిహేను ఫొటోలు తీసుకుని పద్నాలుగు డిలీట్ చేసే మనకు అప్పటి స్టూడియో అంటే ఏంటో సరిగ్గా తెలియదు. ఆ రోజుల్లో ఫొటో దిగడం అంటే ఒక పెద్ద పని. తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, ఊరి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. పెళ్లి సంబంధానికి అమ్మాయి ఫొటో, ఉద్యోగం అప్లికేషన్‌కి పాస్‌పోర్ట్ సైజు, కొత్తగా పెళ్లైన జంట, పుట్టువెంట్రుకలు తీయక ముందు పిల్లాడు. వెనక పరదా మీద రంగుల తోట, మెట్లు, కొలను. ఫిల్ము ఖరీదు కాబట్టి ఒకటో రెండో క్లిక్‌లు, అంతే. కళ్లు మూసుకున్నారా, పిల్లాడు కదిలాడా, పెళ్లికొడుకు చొక్కా గుండీ ఊడిందా, అక్కడికక్కడ తెలియదు. చీకటి గదిలో ఎర్ర బల్బు కింద, మందు నీళ్లలో కాగితం మీద బొమ్మ మెల్లగా తేలేటప్పుడే అసలు సంగతి బయటపడేది. ముందు నెగటివ్‌లో చూడాలి. అందులో నల్ల జుట్టు తెల్లగా, తెల్ల చొక్కా నల్లగా ఉంటుంది. మచ్చలుంటే సన్నటి పెన్సిల్‌తో నెగటివ్ మీదే దిద్దేవాళ్లు.

రోజంతా ఈ పని చేసే మనిషి ఏం చూస్తాడు? మనుషులు తాము ఎలా కనపడాలనుకుంటారో అది చూస్తాడు, ఎలా ఉన్నారో అదీ చూస్తాడు. నవ్వమంటే నవ్వు రాని ముఖాలు చూస్తాడు. అరువు తెచ్చుకున్న కోటు భుజాల దగ్గర జారిపోవడం చూస్తాడు. పరదా మీద ఉన్న తోటకీ, దాని ముందు నిలబడ్డ చెప్పుల్లేని కాళ్లకీ మధ్య తేడా చూస్తాడు. ఫొటోగ్రాఫర్ వీటిని ఫ్రేమ్ బయట ఉంచాలి, కస్టమర్ డబ్బు ఇచ్చేదే అందుకు. ప్రభాకర్ ఫ్రేమ్ బయట మిగిలినదాన్ని కవితలోకి తెచ్చుకున్నాడు. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో ఫొటోగ్రఫీ గురించి బతుకుతెరువు అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. నాకైతే అది ఆయన చదివిన అసలు కాలేజీలా కనిపిస్తుంది.

బయట కాలం కూడా మామూలుగా లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల పెద్ద ఊరేగింపు జరిగింది, జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకుంటారు. దొరల దగ్గర వెట్టిచాకిరీ చేసిన మనుషులు వేల మంది పట్నం నడిచొచ్చారు. అక్టోబరుకల్లా ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఏడాదే ప్రభాకర్ మొదటి పుస్తకం 'ఎర్ర పావురాలు' వచ్చింది. మరుసటి ఏడాది 'మంటల జెండాలు'. పేర్లలోనే ఆ వేడి కనపడుతుంది. ఆయన ఏ వైపు నిలబడ్డాడో దాచుకోలేదు. 1979లో మకాం కరీంనగర్‌కి మారింది, అక్కడ స్టూడియో శిల్పి తెరిచాడు.

సరిగ్గా అదే కాలంలో తెలుగులో మినీ కవిత ఊపు మీద ఉంది. పత్రికల్లో మూల మిగిలితే అక్కడ నాలుగు లైన్ల కవిత పడేది. చాలామంది రాశారు. చాలావరకు చమత్కారాలు, ప్రాస కోసం పడిన పాట్లు. చదవగానే ఆహా అనిపించి, పేజీ తిప్పేలోపు మర్చిపోయేవి. అందుకే పెద్ద కవులు కొందరు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్రభాకర్‌కి మాత్రం ఆ సైజు సరిగ్గా కుదిరింది. ఫొటోకి ఎంత జాగా ఉంటుందో కవితకీ అంతే. ముందు లైన్లలో మనకు రోజూ కనపడే వస్తువో మనిషో ఉంటుంది. చివరి లైన్‌లో వెలుగు ఇంకోవైపు నుంచి పడుతుంది, అదే వస్తువు వేరేగా కనపడుతుంది. నెగటివ్‌ని ప్రింట్‌గా మార్చే మనిషికి ఈ తిప్పడం అలవాటే కదా!

మాటలు కూడా అంత తేలిక. నాలాగా ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగు అంటే సెకండ్ లాంగ్వేజ్ మార్కులే అనుకున్నవాళ్లకు పెద్ద కావ్యం ఇస్తే ఎవరో ఒకరు అర్థం చెప్పాలి. ప్రభాకర్ కవితకు డిక్షనరీ అక్కర్లేదు. సమాసాలు తక్కువ, బజారు మాటే ఎక్కువ. తన కవితలకు తనే బొమ్మలు వేసుకుని, వాటిని ప్రదర్శనలుగా పెట్టేవాడు. సభకొచ్చినవాళ్లు నిలబడి చదివేసి వెళ్లగలిగేంత పొడవు. 1981లో వచ్చిన పుస్తకం పేరు 'చురకలు'. చురక అంటే తెలుసు కదా, చిన్నదే, కానీ మంట కాసేపు ఉంటుంది.

1983లో హైదరాబాద్ వెళ్లాడు. మూడో స్టూడియో, పేరు చిత్రలేఖ. మూడు ఊళ్లు, మూడు స్టూడియోలు, ఏడేళ్లలో. ఏ ఒక్కటీ ఆయన్ని ధనవంతుణ్ణి చేయలేదు.

కానీ హైదరాబాద్ ఆయనకు ఇంకోటి ఇచ్చింది. ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' పేరుతో మినీ కవితలు రాయడం మొదలుపెట్టాడు. దాదాపు ఆరేళ్లు సాగింది. ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన మనిషికి పట్నం ప్రతిదీ కొత్తే. ఇరుకు అద్దె గదులు, డబుల్ డెక్కర్ బస్సులు, ఫుట్‌పాత్ మీద సంసారాలు, ఇరానీ హోటల్‌లో ఒక్క చాయ్‌తో గంటలు గడిపే నిరుద్యోగులు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఇవి కనపడవు, అలవాటైపోతాయి. బయట నుంచి వచ్చినవాడు మాత్రం ఇదేంటి ఇలా ఉంది అని ఆగి చూస్తాడు. ప్రభాకర్ ఆరేళ్లయినా ఆ ఆగడం మానలేదు. నాకు ఆయనలో అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించేది ఇదే. మనం హాస్టల్‌కొచ్చిన మొదటి వారం ప్రతిదానికీ ఆశ్చర్యపోతాం, రెండో నెలకి మెస్‌లో సాంబారు ఎలా ఉందో కూడా గమనించం.

పెద్ద ప్రమాదాలకు ఎలాగూ మొదటి పేజీ ఉంటుంది. ఆయన హైదరాబాద్‌లో ఉన్న కాలంలోనే, 1990 మార్చిలో, హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి విగ్రహం తెప్ప మీద నుంచి జారి నీళ్లలో మునిగింది, మనుషులు చనిపోయారు. 1992 డిసెంబరులో గానీ దాన్ని పైకి తీయలేదు. అలాంటివి అందరికీ గుర్తుంటాయి. కానీ అదే రోజు అదే ఊళ్లో బస్సు దొరక్క కూలి పోగొట్టుకున్న మనిషి, చిల్లర లేక మాట పడిన మనిషి, రేషన్ లైన్ చివరికొచ్చేసరికి సరుకు అయిపోయిన మనిషి ఏ పేజీలో ఉంటారు? అలాంటి బతుకులకు జాగా ఇచ్చిందే 'సిటీ లైఫ్'.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. రోజువారీ జీవితంలో చిన్న పొరపాట్ల మీద రాసేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది నవ్వించడానికి రాస్తారు. జారిపడిన మనిషిని చూసి మనం నవ్వుతాం, రాసినవాడూ నవ్వుతాడు. ప్రభాకర్ కవితలో కూడా నవ్వు ఉంది, కానీ అది మధ్యలో తెగిపోతుంది. ఎందుకంటే ఈ మనిషే రోజూ ఎందుకు జారిపడుతున్నాడు అని ఆయన అడుగుతాడు. మా ల్యాబ్ భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ ఒకసారి ఆగిపోతే ఏదో అయ్యింది అనుకోవచ్చు. అదే ఇన్‌పుట్‌కి ప్రతిసారీ అదే ఎర్రర్ వస్తే దాన్ని యాక్సిడెంట్ అనం, బగ్ అంటాం, కోడ్‌లోకి వెళ్లి వెతుకుతాం. ఆయన వెతికింది అదే. పేదవాడికి రోజూ జరిగేదాన్ని ఖర్మ అనడం ఆయనకు నచ్చలేదు. 'వేశ్య' అనే చిన్న కవిత ఇప్పటికీ జనం నోట ఉండటానికి కారణం కూడా అదే అనుకుంటాను. ఆ కవిత ఆ మనిషి మీద జాలి పడి ఊరుకోదు, చదివేవాడి వైపు తిరుగుతుంది.

అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని అనను. పత్రిక టైముకి అందించాలంటే కొన్ని కేవలం మాటల గారడీతో అయిపోతాయి. ఎన్నికల మీద రాసినవాటిలో కొన్ని ఆ ఎన్నికలతోనే పాతబడ్డాయి. కానీ మిగిలినవి మాత్రం ఇవాళ చదివినా, కిందున్న సంవత్సరం చూసేదాకా పాతవని తెలియదు. 'రక్తరేఖ' 1985లో, 'ఎన్నికల ఎండమావి' 1989లో, 'సంక్షోభ గీతం' 1990లో వచ్చాయి. 'సిటీ లైఫ్' పుస్తకంగా 1992లో వచ్చింది. అప్పటికి ఆయనకు ఇంక ఎక్కువ రోజులు మిగల్లేదు.

క్షయ. మనం టీబీ అంటాం. అప్పటికే దానికి మందులు ఉన్నాయి, మంచి మందులే. దేశంలో జాతీయ క్షయ కార్యక్రమం 1962 నుంచే నడుస్తోంది. కానీ ఈ జబ్బుకి మందు ఒక్కటే చాలదు. నెలల తరబడి ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి, కడుపు నిండా తినాలి, విశ్రాంతి తీసుకోవాలి. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మళ్లీ ముదురుతుంది. ఏ పూట ఫొటోలు తీస్తే ఆ పూట గడిచే ఇంట్లో, భార్య, ఇద్దరు చిన్న పిల్లలతో, ఈ మూడూ ఒకేసారి కుదరడం ఎంత కష్టమో ఆలోచించండి. చీకటి గదిలో గంటలు గంటలు కూర్చుని చేసే పని వేరే. రోగి మందు వేసుకున్నాడో లేదో దగ్గరుండి చూసే పద్ధతి మన దేశంలో ప్రయోగంగా మొదలైంది 1993లో. ఆయన పోయింది ఆ ఏడాది జనవరిలోనే.

జబ్బుతో ఉండి కూడా రాయడం ఆపలేదు. చివరి కాలంలో మరణం గురించి కూడా అదే కొలతలో, అదే నాలుగైదు లైన్లలో రాశాడు. మంచం పక్కన ఉండే వస్తువులే అందులోకి వచ్చాయి. తన మీద తనకు జాలి మాత్రం ఎక్కడా లేదు. నగరంలో ఎవరెవరి కష్టాన్నో ఎంత దూరం నుంచి చూశాడో, తన ఊపిరితిత్తుల్నీ అంతే దూరం నుంచి చూశాడు.

ఆయన పోయాక పుస్తకాలు దొరకడం కష్టమైంది. మినీ కవితకు ఇదో ఇబ్బంది. చిన్నది కాబట్టి చేతులు మారుతుంది, గోడల మీదికి ఎక్కుతుంది, ఉపన్యాసాల్లోకి వస్తుంది, మధ్యలో రాసినవాడి పేరు జారిపోతుంది. ఇప్పుడు వాట్సాప్‌లో కూడా అదే జరుగుతోంది. చివరికి 2013లో, ఆయన పోయిన 20 ఏళ్లకు, మిత్రులు అన్నీ వెతికి ఒక్కచోట చేర్చి 'అలిశెట్టి ప్రభాకర్ కవిత' అని ఒకే పుస్తకంగా వేశారు. పాత పత్రికలు, చిన్న చిన్న పుస్తకాలు తిరగేసి, ఒక్కో నాలుగు లైన్లనీ ఏరి తేవాలి. ఓపిక ఉన్నవాళ్లే చేయగలిగిన పని.

ఆ పుస్తకం చేతికొస్తే మొదటి పేజీ నుంచి వరసగా చదవొద్దు, నూరు పేజీలు ఒక్క కూర్చోవడంలో అసలే చదవొద్దు. 'సిటీ లైఫ్' భాగం తీసి, బస్సులో ఒక స్టాపుకి ఒకటి చొప్పున చదవండి. ఆ తర్వాత కిటికీలోంచి చూడండి.